చూపు ఎవరిది, ప్రయోజనం ఎవరిది?
మన ప్రాంతంలో వర్ణనాత్మక పరిశోధన నడిచిన దారి

మన విమర్శలో "కేవలం వర్ణన" అనే మాట ఒక తిట్టుగా స్థిరపడిపోయింది. ఒక కథను తీసిపారెయ్యాలన్నా, ఒక సిద్ధాంత గ్రంథాన్ని చప్పరించెయ్యాలన్నా ఈ రెండు మాటలు చాలు. వర్ణన దగ్గరే ఆగిపోయాడు, విశ్లేషణలోకి దిగలేదు అంటాం. ఈ విమర్శలో నిజం లేకపోలేదు. కాని ఆ మాట వాడినంత తేలిగ్గా మనం వర్ణన అంటే ఏమిటో, పరిశీలన అంటే ఏమిటో, అందులో ఏ రకం ఎవరి అవసరంలోంచి పుట్టిందో ఆలోచించలేదు. సాహిత్య విద్యార్థులకు పరిశోధనా పద్ధతుల పాఠం చెప్పేటప్పుడు సర్వే, ఏకాంశ అధ్యయనం, సహభాగి పరిశీలన అంటూ ఒక జాబితా వల్లె వేయిస్తారు. ఆ జాబితాలో ప్రతి పేరు వెనకా ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో చెప్పుకోదగ్గ భాగం మన విశాఖ మన్యంలో, శ్రీకాకుళం కొండల్లో, ఈ అనకాపల్లి చుట్టుపక్కల నడిచింది. ఆ సంగతి నలుగురి దృష్టికి తేవటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మాట తేల్చుకుందాం. మన ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలున్నాయి. పురవర్ణన చెయ్యటానికి కవి ఆ పురాన్ని చూసి ఉండనక్కరలేదు. సముద్రం మొహం చూడనివాడు కూడా సముద్రాన్ని వర్ణించవచ్చు. ఎందుకంటే అక్కడ ప్రమాణం పూర్వకవుల సంప్రదాయం. పరిశోధనలో వర్ణన అంటే ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అక్కడ ప్రమాణం ఎదురుగా ఉన్న వస్తువు. ఏమిటి, ఎక్కడ, ఎంత, ఎలా అనే ప్రశ్నలకు చూసి, విని, లెక్కపెట్టి జవాబు చెప్పటం దాని పని. ఎందుకు అనే ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. 1913లో మన అనకాపల్లిలో చెరకు పరిశోధనా కేంద్రం స్థాపించారు. అలాంటి చోట శాస్త్రజ్ఞుడు రెండు మడులు తీసుకుని, ఒకదానికి ఒక ఎరువు, రెండోదానికి ఇంకో ఎరువు వేసి ఫలితం చూడగలడు. అది ప్రయోగం. మనుషుల బతుకు మీద అలాంటి ప్రయోగాలు చెయ్యలేం. కరువు వస్తే ఏమవుతుందో చూడటానికి కరువు తెప్పించలేం గదా! అందుకే సమాజాన్ని గురించిన జ్ఞానంలో అత్యధిక భాగం పరిశీలన మీద, వర్ణన మీద ఆధారపడక తప్పదు. అందుకే ఆ చూపు ఎవరిదో అడగక తప్పదు.

కైఫీయత్తులు

కంపెనీ పాలన తెలుగుదేశంలో కాలూనుకుంటున్న రోజుల్లో ఈ పనికి పెద్ద ఎత్తున పూనుకున్నవాడు కాలిన్ మెకంజీ. సైన్యంలో ఇంజనీరు, సర్వే అధికారి. 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ అయ్యాడు. భూమిని కొలుస్తూనే ఊరూరి చరిత్రలు, శాసనాలు, వంశావళులు సేకరింపజేశాడు. అవే మనం కైఫీయత్తులని పిలుచుకునే రాతలు. మెకంజీకి దేశభాషలు రావు. ఊళ్లకు పోయి, కరణాలతో మాట్లాడి, రాయించి తెచ్చినవాళ్లు ఏలూరువారైన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, వాళ్ల కింద పనిచేసిన మరికొందరు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోయాడు. లక్ష్మయ్య చివరిదాకా ఉన్నాడు.

1821లో మెకంజీ చనిపోయాక ఆ పనిని తానే కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చాడు. కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పండితులు ఒప్పుకోలేదు. అంత పెద్ద పనికి నాయకత్వం వహించే సామర్థ్యం ఒక దేశీయుడికి ఉంటుందని వాళ్లకు నమ్మకం కలగలేదు. చూసినవాడు, విన్నవాడు, రాసినవాడు ఇక్కడివాడు. అర్థం చెప్పే అధికారం మాత్రం మరొకరిది. పరిశీలనా పరిశోధనలో శ్రమ విభజన మన దేశంలో ఇలా మొదలైంది. వివరాలు సేకరించే పిల్ల ఉద్యోగి ఒకడు, గ్రంథకర్త ఇంకొకడు అనే పద్ధతి నేటికీ విశ్వవిద్యాలయ శాఖల్లో కనిపిస్తూనే ఉంది.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. కరణాన్ని అడిగి రాయించినదంతా నిజం కాదు. అడిగేవాడు సర్కారు మనిషి. చెప్పేవాడికి ఇనాము భూములున్నాయి, హక్కుల తగాదాలున్నాయి. సర్కారుకు ఏం చెబితే తన హక్కు నిలుస్తుందో అతనికి తెలుసు. చూసేవాడు వచ్చాడంటే చూడబడేవాడి నడత మారుతుంది. పరిశోధనా పద్ధతుల పుస్తకాలు దీన్ని ఒక సాంకేతిక లోపంగా చెబుతాయి. అది అధికార సంబంధం. అయినా కైఫీయత్తులు లేకపోతే ఎన్నో ఊళ్ల చరిత్ర మనకు దక్కేది కాదు. ప్రయోజనం చెడ్డదైనంత మాత్రాన వర్ణన పనికిరాకుండా పోదు. దాన్ని చదివే పద్ధతి మార్చుకోవాలి.

మాన్యువలు, గెజిటీరు, కొలబద్ద

రెండో దశ 1857 తర్వాతిది. పాలన కంపెనీ చేతినుంచి రాణి చేతికి పోయాక జిల్లాల వర్ణనలు పద్ధతిగా తయారయ్యాయి. 1869లో కార్మైకేల్ విశాఖపట్నం జిల్లా మాన్యువల్ తెచ్చాడు. 1871లో జనాభా లెక్కలు తీశారు. 1881 నుంచి దేశమంతా ఒకేసారి లెక్క తీసే పద్ధతి వచ్చింది. 1907లో ఫ్రాన్సిస్ జిల్లా గెజిటీరు వెలువడింది. వానలు, పంటలు, రోడ్లు, జమీందారీలు, కులాలు, కొండజాతులు అన్నీ అందులో ఉన్నాయి. ఈ ప్రాంతం మీద కథ రాసే ఏ రచయితకైనా నేటికీ అది నిధి వంటిది.

కాని ఆ నిధి ఏ భాషలో ఉందో చూడండి. మన్యం తిరుగుబాట్లకు సర్కారు రికార్డుల్లో ఉన్న పేరు ఫితూరీ. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత అధికారుల రాతల్లో పోడు వ్యవసాయం అడవిని పాడుచేసే దురలవాటుగానే కనిపిస్తుంది. పోడు కొట్టుకునేవాడికి అది బతుకు. గెజిటీరు అచ్చయిన 15 ఏళ్లకు, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడులు జరిగాయి. రోడ్డు పనుల్లో కూలి ఎగ్గొట్టటం, అడవి మీద హక్కు పోవటం, ముఠాదారుల అధికారం హరించటం దాని వెనకున్న కారణాలు. గుట్టలన్నిటికీ పేర్లు రాసుకున్న ప్రభుత్వానికి ఆ గుట్టల్లోని మనసు మాత్రం అందలేదు. ఎన్ని ఎకరాలు, ఎన్ని ఇళ్లు అని అడిగే సర్వేకి ఎన్ని అవమానాలు అనే గడి ఉండదు.

ఈ దశలోనే మనుషుల్ని కొలబద్దతో కొలిచే పద్ధతి కూడా వచ్చింది. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ తలల వెడల్పులు, ముక్కుల పొడవులు కొలిచాడు. రంగాచారి సహకారంతో 1909లో దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద 7 సంపుటాలు ప్రచురించాడు. అక్షరక్రమంలో పేర్చిన కులాలు! నిఘంటువులో మాటల్లా మనుషులు. ఒక కులం వాడు పక్క కులం వాడికి కౌలు కట్టటం, అప్పు పడటం, వెట్టి చెయ్యటం అక్షరక్రమంలో ఎక్కడా ఇమడదు. ఆ కొలతల విద్యను ఆయన పోలీసులకు కూడా నేర్పాడు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా విస్తరించారు. యానాదులు, ఎరుకలు వంటి జాతులకు పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర పడింది. స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు వెలిశాయి. ఒక జాతి ఫలానా స్వభావం గలది అని రాసే ఒక్క వాక్యం పుస్తకంలో వర్ణనగా ఉంటుంది, పోలీసు స్టేషన్లో శిక్షగా మారుతుంది. ఆ చట్టం స్వాతంత్ర్యం వచ్చాక గాని పోలేదు. ముద్ర ఇంకా పూర్తిగా పోలేదు.

అదే కాలంలో జరిగిన మరో రకం పనిని కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. అనకాపల్లికి కూతవేటు దూరంలో ఉన్న శంకరం గ్రామం దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండల్ని 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ తవ్వించాడు. రాతిలో తొలిచిన స్తూపాలు, గుహలు, విహారపు గోడలు, నాణాలు బయటపడ్డాయి. కొలతలతో సహా ఆయన నమోదు చేశాడు. ఊరి పేరు సంఘారామం అనే మాట నుంచి వచ్చిందని తేలింది. అంతకుముందు ఎన్ని తరాలుగా జనం ఆ కొండ పక్కన పశువుల్ని మేపుకుంటూ ఆ పేరు పలికారో! బౌద్ధాన్ని మరిచిపోయిన జనం నోట బౌద్ధం పేరు మిగిలింది. పురావస్తు వర్ణనకు జనం నోటి మాట కూడా సాక్ష్యమేనని ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

పర్లాకిమిడి మేష్టారు

ఇన్ని సర్కారీ చూపుల మధ్య భిన్నంగా చూసినవాడు ఒక బడిపంతులు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి పాఠశాలలో మేష్టారు. కొండలు దిగి సంతకు వచ్చే సవరల మాట ఆయన చెవిన పడింది. ఆ భాషకు రాత లేదు, పుస్తకం లేదు. సవర వచ్చినవాళ్లను ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. సవర కొండల్లో తిరిగాడు. మలేరియా పట్టింది. క్వినైను వల్ల జీవితాంతం చెముడు మిగిలింది. భాషను వినటానికి పోయినవాడికి వినికిడి పోయింది! అయినా ఆ పని మానలేదు. సవర వాచకాలు రాశాడు, పాటలు సేకరించాడు, సవర పిల్లలకు చదువు చెప్పించాడు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు ప్రచురణ అయ్యాయి.

సహభాగి పరిశీలనకు ఆద్యుడుగా ప్రపంచం మలినోవ్‌స్కీని చెబుతుంది. ఆయన ట్రోబ్రియాండ్ దీవుల పుస్తకం 1922లో వచ్చింది. మన గిడుగు అంతకు చాలా ముందే, 19వ శతాబ్దం చివరి దశకాల్లోనే, ఆ పద్ధతిలో పని మొదలుపెట్టాడు. ఎవరు ముందన్న పోటీ కోసం నేనీ మాట చెప్పటం లేదు. ప్రయోజనంలో తేడా చూడమంటున్నాను. మలినోవ్‌స్కీ దీవులనుంచి తెచ్చిన జ్ఞానం విశ్వవిద్యాలయానికి చేరింది. గిడుగు సేకరించిన జ్ఞానం తిరిగి సవర పిల్లవాడి పలక మీదికి పోయింది. పరిశీలితుడికే ఫలితం అందటం ఇక్కడ ముఖ్యం.

ఈ చెవే ఆయన్ని వ్యావహారిక భాషోద్యమంలోకి తెచ్చింది. విశాఖ ప్రాంతపు బడుల తనిఖీకి వచ్చిన యేట్స్ దొర, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు మరొకటి ఎందుకయిందని ప్రశ్నించాడు. తనిఖీ అధికారి చూసిన చూపు అది. గిడుగు, గురజాడ దాన్ని ఉద్యమంగా మార్చారు. వాదించిన తీరు చూడండి. భాష ఇలా ఉండాలి అని పండితులు శాసిస్తుంటే, భాష ఇలా ఉంది అని గిడుగు చూపించాడు. కావ్యాల్లోంచి, శాసనాల్లోంచి, జనం నోటినుంచి ప్రయోగాలు ఏరి గుట్టగా పోశాడు. అది శుద్ధ వర్ణనాత్మక పద్ధతి. "కేవలం వర్ణన" అని మనం ఈసడించే పనే ఆనాడు పండిత వర్గం గుత్తాధిపత్యాన్ని కదిలించింది. ఇప్పుడు నేను రాస్తున్న ఈ వాక్యం, మీరు చదువుతున్న ఈ వాక్యం దాని ఫలితమే.

మార్లవాయి, శామీర్‌పేట

నైజాంలో కథ ఇంకో రకంగా నడిచింది. 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీమ్‌ను నిజాం పోలీసులు కాల్చి చంపారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం ప్రభుత్వానికి అప్పుడు కలిగింది. ఆస్ట్రియా దేశస్థుడైన హైమండార్ఫ్ యుద్ధం వల్ల హైదరాబాదు రాష్ట్రంలో ఉండిపోయాడు. చెంచులతో, కొండరెడ్లతో, గోండులతో వాళ్ల గూడేల్లోనే బతుకుతూ రాశాడు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, గోండుల మీద 1948లో ఆయన గ్రంథాలు వచ్చాయి. మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల పెట్టించాడు. భూముల పట్టాలకు సిఫారసు చేశాడు. తుపాకి పేలాక పిలిచిన పరిశీలకుడు ఆయన. ప్రభుత్వానికి కావలసింది శాంతి, గోండుకు కావలసింది భూమి. ఈ రెండిటి మధ్య ఆయన పని నడిచింది.

ఆయన విలువ అక్కడితో ఆగలేదు. మూడు దశాబ్దాల తర్వాత మళ్లీ అవే ఊళ్లకు వచ్చి చూశాడు. ఇచ్చిన పట్టాలు ఎన్ని చేతులు మారాయో, వలస వచ్చిన షావుకార్ల కిందికి భూమి ఎలా పోయిందో నమోదు చేశాడు. ఆ పుస్తకం 1982లో వచ్చింది. అంతకు ఏడాది ముందు, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ఒక్కసారి చూసి రాసింది ఫోటో లాంటిది. ముప్ఫయి ఏళ్ల తేడాతో రెండుసార్లు చూసినప్పుడే కదలిక తెలుస్తుంది. దీర్ఘకాలిక పరిశీలన అని పాఠ్యపుస్తకం పేరు పెట్టేది దీన్నే. భౌతికవాదులమని చెప్పుకునే మనం మార్పును చూడాలంటే తిరిగి వెళ్లటం నేర్చుకోవాలి.

ఒకే ఊరిని తీసుకుని అన్ని కోణాల్లో వర్ణించే ఏకాంశ అధ్యయనానికి కూడా దేశంలో తొలి ఉదాహరణల్లో ఒకటి తెలుగు ఊరే. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి. దూబే బృందం హైదరాబాదుకు దగ్గర్లోని శామీర్‌పేటను అధ్యయనం చేసింది. పుస్తకం 1955లో వచ్చింది. కుటుంబం, కులం, పండుగలు, తిండి అన్నీ అందులో క్రమంగా వివరించారు. తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరులో ముగిసిన రోజులవి. ఒక ఊరిని లోతుగా చూస్తే ఆ ఊరు తెలుస్తుంది. కాని ఆ ఊరినుంచి రాష్ట్రమంతటికీ సూత్రం లాగితే తప్పవుతుంది. ఏకాంశ అధ్యయనం బలమూ, పరిమితీ రెండూ అదే.

రైతు నోటి మాట

నా దృష్టిలో స్వాతంత్ర్యానంతరం తెలుగులో జరిగిన అత్యుత్తమ వర్ణనాత్మక పరిశోధన మాండలిక వృత్తిపదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో సాహిత్య అకాడమీ వ్యవసాయ పదాల సంపుటం 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ ప్రచురించింది. ప్రశ్నావళి తయారుచేసుకుని, ఊళ్లు ఎంచుకుని, కార్యకర్తలు రైతుల దగ్గరికీ నేతగాళ్ల దగ్గరికీ పోయి మాటలు రాసుకున్నారు. ఒకే పనిముట్టుకు కళింగాంధ్రలో ఒక పేరు, రాయలసీమలో ఒకటి, తెలంగాణలో మరొకటి. తెలుగు నాలుగు మాండలికాలుగా ఏర్పడిన తీరు దీని ఆధారంగా తేటపడింది. నాగలి దున్నేవాడూ మగ్గం నేసేవాడూ ఇక్కడ భాషకు ప్రమాణమయ్యారు. అదే పరిశోధకుడు అరకు ప్రాంతంలోని కొండదొరల కూబి భాషను వర్ణిస్తూ 1969లో ఒక గ్రంథం కూడా వెలువరించాడు.

ఈ మార్గానికి ప్రపంచంలో మరో వారసత్వం కూడా ఉంది. ఎంగెల్స్ మాంచెస్టర్ మురికివాడలు తిరిగి 1845లో ఇంగ్లండు కార్మికుల స్థితి మీద పుస్తకం రాశాడు. మార్క్స్ 1880లో ఫ్రెంచి కార్మికుల కోసం సుమారు 100 ప్రశ్నలతో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. జవాబులు కార్మికులే రాయాలన్నది ఆయన ఉద్దేశం. మావో 1927లో హునాన్ పల్లెల్లో 32 రోజులు తిరిగి నివేదిక రాశాడు. శ్రీకాకుళంలో వెంపటాపు సత్యం మేష్టారు సవర, జాతాపు గూడేల్లో వాళ్లలో ఒకడుగా బతికాడు. ఆయన రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, 1967 నాటికి గిరిజనుల పాలేరు అప్పులు, కూలి రేట్లు, భూముల తాకట్లు ఏ గెజిటీరు కన్నా ఆ పంతులుకే బాగా తెలుసుననటంలో సందేహం లేదు.

రచయిత చెయ్యవలసింది

ఇదంతా రచయితకు ఎందుకు? రావిశాస్త్రి విశాఖ కోర్టుల్లో ప్లీడరు. ఆరు సారా కథల్లోని మనుషులు ఆయనకు కక్షిదార్లుగా, సాక్షులుగా, జవాన్లుగా ఎదురైనవాళ్లు. కారా మాష్టారు బడిలో లెక్కలు చెప్పినవాడు. 1964లో రాసిన యజ్ఞంలో అప్పు అనే ఒక్క విషయాన్ని పట్టుకుని ఊరి చరిత్ర మొత్తం విప్పాడు. వాళ్ల బలం శిల్పంలో ఎంత ఉందో ఏళ్ల తరబడి చూసిన చూపులోనూ అంత ఉంది. ఇవాళ మాండలికంలో నాలుగు మాటలు చల్లి కథకు స్థానికత వచ్చిందనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. వృత్తిపదకోశం తీసి మాటలు ఏరుకోవచ్చు. ఆ మాట ఏ బరువు మోస్తూ పుట్టిందో మాత్రం చూస్తేనే తెలుస్తుంది.

నా తరగతి పిల్లలకు ఒకసారి బెల్లం గానుగ దగ్గర ఒక పూట గడిపి, చూసింది రాయమన్నాను. ఎక్కువమంది అనకాపల్లి బెల్లానికి ప్రసిద్ధి అని మొదలుపెట్టారు. అది చూసి రాసింది కాదు, చదివి రాసింది. పెనం దగ్గర పనిచేసే మనిషి కూతురు ఒకతె మాత్రం వేరుగా రాసింది. తండ్రి ఎన్ని గంటలకు లేస్తాడు, పొయ్యిలోకి పిప్పి ఎవరు వేస్తారు, పాకం ముదిరిందని దేన్నిబట్టి చెబుతారు, రోజుకి ఎన్ని దిమ్మలు దిగుతాయి, చెయ్యి కాలితే ఆ రోజు కూలి ఇస్తారా ఇవ్వరా. విశేషణం ఒక్కటి లేదు. చెయ్యి కాలిన సంగతి కూలి లెక్క పక్కన పెట్టటంతోనే ఆ అమ్మాయి విశ్లేషణ కూడా చేసేసింది. వర్ణనకూ విశ్లేషణకూ మధ్య మనం కట్టిన గోడ అంత గట్టిది కాదని నాకు అనిపించేది ఇలాంటి చోటే. ఏ రెండు వివరాలు పక్కపక్కన పెట్టాలో తెలియటానికి ఒక దృక్పథం కావాలి. ఆ దృక్పథం నిలబడటానికి ఆ రెండు వివరాలూ నిజమవ్వాలి.

అనకాపల్లి 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది. కొత్త జిల్లాకు కొత్త లెక్కలు, కొత్త నివేదికలు వస్తాయి. అవి పరిశ్రమలకు కావలసిన భూమి ఎంతో చెబుతాయి. గానుగలు తగ్గుతున్నాయి. బెల్లం మార్కెట్లో కొలగార్ల మాటలు, కలాసీల లెక్కలు, వేలంలో వాడే సంజ్ఞలు, తూకంలో పోయే తరుగు, షావుకారు దగ్గర ముందే తెచ్చుకున్న పెట్టుబడి, ఇవి ఎవరి నివేదికలోనూ ఉండవు. మన సంఘం శాఖలు ఈ పని తలకెత్తుకోవాలి. ఒక్కొక్క ఊళ్లో ఇద్దరు ముగ్గురు రచయితలు, విద్యార్థులు కూడి ఒక్కొక్క వృత్తిని తీసుకోవాలి. చెప్పినవాడి మాట చెప్పినట్టు రాయాలి. తేదీ, చోటు వెయ్యాలి. తాము చూసిందేదో, విన్నదేదో, ఊహించిందేదో వేరువేరుగా గుర్తుపెట్టాలి. చెప్పినవాడికి ముప్పు వచ్చే చోట అతని పేరు దాచాలి. రాసింది అతనికి చదివి వినిపించి, తప్పంటే దిద్దాలి. రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాలి. ఈ చివరి రెండు పనులూ థర్‌స్టన్ చెయ్యలేదు, ఏ గెజిటీరూ చెయ్యలేదు. చెరకు నరికే రోజులు జనవరి నుంచి ముమ్మరమవుతాయి. పని మొదలుపెట్టటానికి అది మంచి సమయం.